బ్లాంకెటే కాయిల్ అయితే? ఫ్యూజన్ రియాక్టర్ గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం పక్కన ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆదివారం పొద్దున మా ఊరి లైబ్రరీ అరుగు మీద ఇంటర్ పిల్లలు పదిమంది పోగవుతారు. ఓసారి మాటల్లో ఫ్యూజన్ రియాక్టర్, అంటే తేలిక కేంద్రకాల్ని అతికించి శక్తి తీసే యంత్రం, వచ్చింది. అందులో బ్లాంకెట్‌నీ అయస్కాంతపు కాయిల్‌నీ కలిపి ఒకే వస్తువు చేయాలన్న పాత ఆలోచన ఒకటి చెప్పాను. అప్పటినుంచి పిల్లలే కాదు, వాళ్ల నాన్నలూ, మా కాలువ లస్కరూ కూడా ఆపి అడుగుతున్నారు. అందరివీ ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు రాసి పెడుతున్నాను.

బ్లాంకెట్ అంటే దుప్పటేగా మాస్టారూ? పది కోట్ల డిగ్రీల దగ్గర దుప్పటెందుకు?

పేరు దుప్పటే, కప్పేది మాత్రం చలికి కాదు. డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు రకాల హైడ్రోజన్ కేంద్రకాలు అతుక్కున్నప్పుడు 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. అందులో 14.1 ఒక్క న్యూట్రానే ఎత్తుకుపోతుంది. రూపాయికి ఎనభై పైసలన్నమాట. న్యూట్రాన్‌కి చార్జి లేదు కనుక అయస్కాంతం మాట వినదు, తిన్నగా గోడలోకి దూరిపోతుంది. ఆ గోడ వెనక, ప్లాస్మా (ఆ వేడికి చార్జి కణాలుగా విడిపోయిన వాయువు) చుట్టూ కప్పిన మందపాటి పొరనే బ్లాంకెట్ అంటారు. అది న్యూట్రాన్‌ని ఆపి వేడిగా మార్చాలి, ఆ వేడిని టర్బైన్ వైపు పంపాలి, ట్రిటియం తయారు చేయాలి. వెనకున్న కాయిల్స్‌కి గొడుగు పట్టే పని కూడా చాలావరకు దానిదే.

ట్రిటియం తయారు చేయడమెందుకు? కొనుక్కోలేమా?

డ్యుటీరియం కొనుక్కోవచ్చు. అది నీళ్లలోనే ఉంది, సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకి ఒకటి. మనకి ఎగువన, మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న భారజల కర్మాగారం చేసేది అదే, నీళ్లలోంచి ఆ ఒక్కదాన్ని ఏరుకోవడం. ట్రిటియం సంగతి అలా కాదు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, దాచుకుందామన్నా తరిగిపోతుంది. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ శక్తి ఏడాదంతా ఆగకుండా తీయాలంటే 55 కిలోల పైచిలుకు ట్రిటియం కాలుతుంది. ప్రపంచంలో పౌర అవసరాలకి ఉన్న నిల్వంతా కలిపినా కొన్ని పదుల కిలోలే. అందుకే రియాక్టర్ తన తిండి తనే పండించుకోవాలి.

పండించేది లిథియం పొలంలో. లిథియం-6కి న్యూట్రాన్ తగిలితే ట్రిటియం, హీలియం వస్తాయి. లిథియం-7కి వేగంగా వచ్చే న్యూట్రాన్ తగిలితే ట్రిటియంతో పాటు ఇంకో న్యూట్రాన్ కూడా మిగులుతుంది. కాలిన ప్రతి ట్రిటియానికి ఒకటి కంటే కాస్త ఎక్కువే పుట్టాలి. విత్తనాలకి తీసి పెట్టుకోని రైతు మరుసటి సార్వాకి అప్పు చేయాల్సిందేగా.

కాయిల్ ఎక్కడుంటుంది మరి?

బ్లాంకెట్ వెనక. ప్లాస్మా, తర్వాత గోడ, బ్లాంకెట్, కవచం, వాక్యూమ్ పాత్ర, ఆ తర్వాత కాయిల్. చాలా దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే ఫ్యూజన్ యంత్రంలో డి అక్షరం ఆకారంలో 18 పెద్ద కాయిల్స్ ఉన్నాయి, నియోబియం-టిన్ సూపర్ కండక్టర్‌తో (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు మోసే పదార్థంతో) చేసినవి. వాటిని సుమారు 4 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకి కింద 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఆ చలిలో ఒక్క వాటు వేడి చొరబడినా దాన్ని బయటికి తోడడానికి ఇక్కడ కొన్ని వందల వాట్ల కరెంటు ఖర్చవుతుంది. న్యూట్రాన్‌లు అక్కడిదాకా వెళ్లకూడదు. అందుకని ప్లాస్మాకీ కాయిల్‌కీ మధ్య మీటరు నుంచి మీటరున్నర దూరం వదలాలి.

మీటరున్నరకి ఏమవుతుంది? అంత పెద్ద యంత్రంలో అదొక లెక్కా?

అసలు కథంతా ఈ మీటరున్నరదే.

ఈటర్ లాంటి యంత్రాన్ని టోకామాక్ అంటారు, గారె ఆకారం అనుకోండి. మధ్య చిల్లులోంచి కాయిల్స్ లోపలి కాళ్లు నిలువుగా వెళ్తాయి. అయస్కాంత క్షేత్రం ఆ చిల్లు పక్కన ఎక్కువగా ఉండి, బయటికి వెళ్లేకొద్దీ దూరానికి విలోమంగా తగ్గుతుంది. ఈటర్‌లో కాయిల్ దగ్గర 11.8 టెస్లా ఉన్నది, 6.2 మీటర్ల వ్యాసార్ధం దగ్గర, అంటే ప్లాస్మా నడిమధ్య, 5.3కి వచ్చేస్తుంది. కొన్నదాంట్లో సగం కూడా చేతికి రాలేదు. మధ్యలో బ్లాంకెట్, కవచం కూర్చున్నాయి కాబట్టి కాయిల్ దూరం జరిగింది, దూరం జరిగింది కాబట్టి క్షేత్రం పోయింది.

అది ఎంత నష్టమో చూడండి. ప్లాస్మా పీడనానికీ అయస్కాంత పీడనానికీ ఉన్న నిష్పత్తి మారదనుకుంటే, ఫ్యూజన్ శక్తి సాంద్రత క్షేత్రానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. క్షేత్రం ఐదో వంతు పెరిగితే శక్తి రెట్టింపు. 1.2ని నాలుగుసార్లు గుణించి చూసుకోండి, 2.07 వస్తుంది. కాయిల్‌ని ఒక అడుగు లోపలికి జరపగలిగితే యంత్రం చిన్నదవుతుంది, ఇనుము తగ్గుతుంది, డబ్బు తగ్గుతుంది. ఆ చోట కోసమే ఇంజనీర్లు కొట్టుకునేది.

కలిపేయడమంటే ఎలా? కాయిల్ మీద బ్లాంకెట్ చుడతారా?

చుట్టరు. బ్లాంకెట్ గొట్టాల్లో ప్రవహించే ద్రవ లిథియంలోంచే కాయిల్ కరెంటు పంపుతారు. లిథియం లోహం, 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగాక కూడా కరెంటు మోస్తుంది. గొట్టాన్ని ప్లాస్మా చుట్టూ చుట్టలా తిప్పితే గొట్టమే వైరు. అదే న్యూట్రాన్‌ని ఆపుతుంది, అదే ట్రిటియం పండిస్తుంది, వేడిని మోసుకుపోయేదీ అదే.

మనవాళ్లకి ఇది కొత్త కాదు. ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు నిలబెడుతుంది, దాని మీదే బస్సు పోతుంది. కాలువ గట్టు నీళ్లని ఆపుతుంది, గట్టే రోడ్డు. రోడ్డుకని విడిగా భూమి పోలేదు. ఈ పోలిక పట్టుకునే మా లస్కరు నన్ను ఇరుకున పెట్టాడు, అది తర్వాత చెబుతాను.

ఎవరికి వచ్చిన ఆలోచన ఇది?

1985 ప్రాంతంలో అమెరికాలోని రెన్సెలర్ పాలిటెక్నిక్‌లో డాన్ స్టైనర్, ఆయన సహచరులు దీన్ని ఒక పద్ధతిగా రాసి పెట్టారు. తర్వాత 1988లో పూర్తయిన టైటాన్ అనే డిజైన్ అధ్యయనంలో, టైటాన్-1 అన్న రూపంలో, వెనేడియం మిశ్రలోహపు గొట్టాలు, వాటిలో ద్రవ లిథియం, అదే కాయిల్ అని లెక్కలు వేశారు. అది టోకామాక్ కాదు, రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్ అనే వేరే రకం. ఆ తేడా ఎందుకు ముఖ్యమో కింది ప్రశ్నలో తెలుస్తుంది. రెండూ కాగితం మీద డిజైన్లే, ఎవరూ కట్టలేదు.

రాగి ఉండగా లిథియం వైరా? కరెంటంతా దానికే పోదూ?

ఇది అడిగింది ఎంపీసీ సెకండియర్ అమ్మాయి. ప్రశ్న వినగానే లెక్క ఇద్దరం కలిసి వేశాం. సుద్దముక్కతో అరుగు మీదే.

ఈటర్ పెద్ద కాయిల్స్ అన్నింట్లో కలిపి 16.4 కోట్ల ఆంపియర్-చుట్లు ఉండాలి. (18 కాయిల్స్, ఒక్కోదానికి 134 చుట్లు, 68 వేల ఆంపియర్లు. గుణించి చూడండి.) కరిగిన లిథియం నిరోధకత రాగి కంటే పదిహేను రెట్ల పైనే, సుమారు ఒక కోటిలో మూడు వంతుల ఓమ్-మీటరు. చుట్టు పొడవు 34 మీటర్లు, అన్ని చుట్లదీ కలిపి అడ్డకోత వైశాల్యం 20 చదరపు మీటర్లు అని ఉదారంగా ఇచ్చేశాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి దాదాపు 13,700 మెగావాట్లు వచ్చింది!

ఈటర్ ప్లాస్మా ఇవ్వాల్సింది 500 మెగావాట్లు. సింహాద్రి లాంటి 2,000 మెగావాట్ల థర్మల్ స్టేషన్లు ఆరు పెట్టి నడిపినా ఆ కాయిల్‌కి చాలదు. ఆ అమ్మాయి సుద్ద కింద పెట్టేసి, "అయిపోయింది కదండీ" అంది.

అయిపోలేదు. టోకామాక్‌లో ముఖ్య కాయిల్స్‌కి, అంటే ఆ డి ఆకారం వాటికి, మాత్రం అయిపోయింది. రాగితో వేసినా 800 మెగావాట్ల దాకా తేలుతుంది, అందుకే సూపర్ కండక్టర్లు వచ్చాయి. రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్‌లో కావలసిన క్షేత్రంలో ఎక్కువ భాగాన్ని ప్లాస్మాలో పారే కరెంటే పుట్టిస్తుంది, బయటి నుంచి ఇవ్వాల్సిన టొరాయిడల్ (గారె చుట్టూ తిరిగే) క్షేత్రం చాలా తక్కువ. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి కరెంటు పదో వంతైతే వేడి నూరో వంతు. అక్కడ లిథియం సరిపోతుంది. టోకామాక్‌లో కూడా ప్లాస్మా ఆకారాన్ని సరిదిద్దే చిన్న కాయిల్స్‌కి, పోలాయిడల్ కాయిల్స్‌లో (గారె చుట్టూ వలయాల్లా తిరిగేవాటిలో) కొన్నింటికి ఆలోచించవచ్చు. స్టైనర్ వాళ్లు మొదట చూసింది ఆ పోలాయిడల్ కాయిల్స్‌నే.

ఆ వేడి వృథా కాదని ఎక్కడో చదివాను, నిజమా?

సగం నిజం. రాగి కాయిల్‌ని నీళ్లతో చల్లబరిస్తే వచ్చేది గోరువెచ్చని నీళ్లు, దాంతో టర్బైన్ తిరగదు. లిథియం ఎలాగూ కొన్ని వందల డిగ్రీల దగ్గర టర్బైన్ వైపే పోతోంది, అందులో పుట్టిన వేడి కూడా దానితోనే పోతుంది. టర్బైన్ సామర్థ్యం వందకి నలభై అయితే, కాయిల్లో కాల్చిన వంద యూనిట్ల కరెంటులో నలభై తిరిగొస్తాయి. అరవై పోయినట్టే.

వైరుకి ఇన్సులేషన్ ఉండాలి కదా, గొట్టానికి ఏం వేస్తారు?

నా లెక్కలో ఇది అన్నిటికంటే గడ్డు ప్రశ్న. దీని గురించి పుస్తకంలో కంటే ఒక వైండింగ్ షాపులో ఎక్కువ నేర్చుకున్నాను.

పోయిన వేసవిలో మా కొబ్బరితోటలో మోటారు కాలిపోయింది. లో వోల్టేజీలో నేనే మొండిగా నడిపాను, తప్పు నాదే. రిపేరు కుర్రాడు స్టేటరు విప్పి చూపించాడు. లోపల రాగి తీగ రాగిలాగే ఉంది. దాని మీది ఎనామిల్ నల్లబడి పెళుసై, గోరుతో గీకితే పొడిలా రాలింది. ముక్కు పుటాల్లో ఆ మాడిన వార్నిష్ వాసన సాయంత్రం దాకా పోలేదు. "తీగ పోదు మాస్టారూ, పూత పోద్ది" అన్నాడు. ఆ స్టేటరు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది లైబ్రరీ అరుగు మీద ఉంది.

ఫ్యూజన్‌లోనూ అంతే. ద్రవానికి న్యూట్రాన్ దెబ్బ పెద్దగా పట్టదు. ఘనలోహంలో పరమాణువులు వరసలో ఉంటాయి, న్యూట్రాన్ వచ్చి వరస చెదరగొడితే లోహం పెళుసవుతుంది. రాగిలో కొన్ని పరమాణువులు నికెల్‌గా, జింక్‌గా మారిపోయి నిరోధం కూడా పెరుగుతుంది. ద్రవంలో చెదరడానికి వరసే లేదు. ఈ ఆలోచనలో నాకు బాగా నచ్చింది ఇదే. అయితే గొట్టం గోడ, దాని పూత ఘనమే. రెసిన్లూ ప్లాస్టిక్కులూ అక్కడ నిలబడవు, సిరామిక్ పూత వేయాలి. రేడియేషన్ పడుతున్నంతసేపూ సిరామిక్ కూడా కొద్దిగా కరెంటు వదులుతుంది. పైగా వేడి లిథియం చాలా ఆక్సైడ్లలోంచి ఆక్సిజన్ లాగేసుకుంటుంది. దానికి తట్టుకుంటాయని యిట్రియం ఆక్సైడ్, అల్యూమినియం నైట్రైడ్ లాంటివి పరిశీలించారు. ఒకచోట పూత బీటలిస్తే కరెంటు అడ్డదారిన పోతుంది.

ఊరట ఒకటి ఉంది. లావు గొట్టాలు, తక్కువ చుట్లు కాబట్టి వోల్టేజీ తక్కువ. వెల్డింగ్ మెషీన్ లాంటిది, వోల్టులు కొద్ది, ఆంపియర్లు బోలెడు. తక్కువ వోల్టేజీకి పలచటి పూత చాలు. అయితే లక్షల ఆంపియర్లు బయటి నుంచి లోపలికి తేవడానికి లావుపాటి లోహపు కడ్డీలు కావాలి. అవి కూడా చోటు తింటాయి, కరెంటు తింటాయి.

లోహం ప్రవహిస్తుంటే అయస్కాంతం అడ్డుపడదా?

పడుతుంది. అల్యూమినియం గొట్టంలో పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ముక్క వేసి చూపిస్తాను పిల్లలకి. ఇనుప ముక్కయితే టక్కున కిందపడుతుంది, అయస్కాంతం మాత్రం తేనెలో దిగినట్టు మెల్లగా దిగుతుంది. కదిలే అయస్కాంతం గొట్టంలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు దాన్నే పట్టి ఆపుతుంది. లోహం కదిలినా ఇంతే. క్షేత్రానికి అడ్డంగా లిథియం తోలాలంటే పంపు మీద భారం విపరీతంగా పెరుగుతుంది. క్షేత్రం వెంబడే పారితే ఆ పీడ చాలావరకు ఉండదు. పోలాయిడల్ కాయిల్ గొట్టాలు గారె చుట్టూ, ముఖ్య క్షేత్రం దిశలోనే తిరుగుతాయి. ఏటివాలున పోయే పడవ లాగ. ముఖ్య కాయిల్ ఆకారంలో గొట్టం పెడితే మాత్రం ప్రవాహం ఆ క్షేత్రానికి అడ్డంగా పోతుంది. ఇంతకుముందు కరెంటు లెక్కలో కొట్టుకుపోయిన కాయిలే ఇక్కడా దెబ్బతింటుంది.

లిథియం బదులు సీసం-లిథియం వాడొచ్చుగా? నిప్పంటుకోదంటారు.

గాలికీ నీటికీ దాని దురుసుతనం తక్కువ, నిజమే. 235 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం న్యూట్రాన్‌లని పెంచుతుంది కూడా. విడి బ్లాంకెట్‌కి మంచిదే. కానీ నిరోధకత లిథియం కంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది. కాయిల్‌గా పనికిరాదు.

గొట్టం పగిలితే? లిథియం నీళ్లలో పడితే?

1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలల పైన మండడం చూసిన ఊళ్లవి. ఈ ప్రశ్న రాకుండా ఉండదు. వేడి లిథియం నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ వస్తుంది, మండుతుంది. కాంక్రీటులో ఉన్న తేమతో కూడా చర్య జరుపుతుంది. కాబట్టి లిథియం ఉన్న గదిలో నీటి గొట్టం ఉండకూడదు, నేల మీద ఉక్కు రేకు పరచాలి, గదిని ఆర్గాన్ లాంటి జడవాయువుతో నింపాలి. ద్రవలోహంతో బతకడం మనదేశానికి కొత్త కాదు. కల్పాక్కంలో 1985 నుంచి ఒక చిన్న ఫాస్ట్ రియాక్టర్ ద్రవ సోడియంతోనే నడుస్తోంది. బ్లాంకెట్, కాయిల్ ఒకటైనప్పుడు అదనంగా వచ్చే ప్రమాదం ఇంకొకటి. లీకై లిథియం దిగిపోతే ఆ క్షణమే కాయిల్ కూడా తెగినట్టు. కాయిల్‌లో దాచిన అయస్కాంత శక్తి ఎటో ఒకవైపు బయటపడాలి, తెగిన చోట ఆర్క్ లేస్తుంది.

మీ లస్కరు ఏమన్నాడు?

గట్టే రోడ్డు అన్నాను కదా. విని, "బాగానే ఉందండీ. లారీలు తిరిగి గట్టు కుంగుద్ది. గట్టు తెగితే రోడ్డూ పోద్ది. 86 వరదప్పుడు బండి మీద ఇసుక బస్తాలు తోలదామంటే తోలడానికి దారేదండీ?" అన్నాడు.

మరమ్మతు దగ్గర ఇదే చిక్కు. మామూలు డిజైన్‌లో బ్లాంకెట్‌ని కొన్నేళ్లకోసారి మారుస్తారు, రోబో చేతులతో ముక్క ముక్కగా. వెనకున్న సూపర్ కండక్టర్ కాయిల్ యంత్రం ఉన్నన్నాళ్లూ ఉండాలని చూస్తారు. రెండూ ఒకటైతే బ్లాంకెట్ మార్చిన ప్రతిసారీ కాయిల్ మార్చినట్టే, లక్షల ఆంపియర్ల జాయింట్లన్నీ విప్పి మళ్లీ బిగించాలి. బదులుగా ఒక సుఖం ఉంది. వేసవిలో కాలువ కట్టేసి నీళ్లు దించి పూడిక తీసినట్టు, ఇక్కడ లిథియం దించేస్తే మిగిలేవి తేలికైన ఖాళీ గొట్టాలు. మళ్లీ నింపేముందు గొట్టాలన్నిటినీ 180 డిగ్రీల పైకి వేడి చేసుకోవాలి, లేకపోతే దారిలోనే గడ్డకడుతుంది. ఈ మాట చెబితే లస్కరు, "మాకు పూడిక, మీకు గడ్డ" అని నవ్వాడు.

ఇప్పుడు కొత్త సూపర్ కండక్టర్ టేపులొచ్చాయిగా. ఈ ఆలోచన ఇంకా అవసరమా?

నా ఉద్దేశంలో ముఖ్య కాయిల్స్‌కి అవసరం లేదు. 2021 సెప్టెంబరులో అమెరికాలో కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ, ఎంఐటీ కలిసి ఆ టేపులతో చేసిన పెద్ద కాయిల్‌ని 20 టెస్లా దాకా నడిపి చూపించారు. అంత క్షేత్రం ఉంటే దూరంలో కొంత పోయినా మిగిలేది చాలు. వాళ్ల ఆర్క్ అనే రియాక్టర్ డిజైన్‌లో బ్లాంకెట్ అంటే కరిగిన ఫ్లోరైడ్ ఉప్పు నింపిన తొట్టి, కాయిల్స్‌కి విప్పుకునే జాయింట్లు. అంటే కలపడానికి బదులు బాగా విడదీశారు. ప్లాస్మాకి దగ్గరగా, న్యూట్రాన్‌ల వానలో, తక్కువ కరెంటుతో పనిచేయాల్సిన చిన్న కాయిల్స్ సంగతి వేరు. సూపర్ కండక్టర్ అక్కడ బతకదు, రాగి పాడవుతుంది. ఆ చోటికి ద్రవ లిథియం కాయిల్ గురించి మళ్లీ లెక్కలు వేయడం తప్పు కాదంటాను. కాలేజీలో మా పాత హెచ్ఓడీ గారు మాత్రం దీనికి ఒప్పుకోరు, పూత సమస్యే తెగదంటారు. ఆయన మాటా తీసేయలేను.

మనదేశం ఇందులో ఏం చేస్తోంది?

గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకామాక్ 1989 నుంచి ఉంది. సూపర్ కండక్టర్ కాయిల్స్‌తో ఎస్ఎస్‌టీ-1 అనే ఇంకో టోకామాక్ కట్టారు. ఈటర్‌లో మనం 2005లో చేరాం. 29 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 3,850 టన్నులున్న దాని క్రయోస్టాట్ (చల్లటి కాయిల్స్‌ని చుట్టి ఉండే పెద్ద వాక్యూమ్ పాత్ర) మనవాళ్లు చేసిందే. బ్లాంకెట్ విషయానికొస్తే సీసం-లిథియం, లిథియం సిరామిక్ గుళికలు రెండూ కలిపిన సొంత డిజైన్ మీద మనవాళ్లు పనిచేశారు. అది విడి బ్లాంకెటే, కాయిల్ కాదు.

కోనసీమలో రియాక్టర్ పెడతారా మాస్టారూ?

లేదు. భయపడకండి, ఆశా పెట్టుకోకండి.

మా అబ్బాయి ఇది చదవాలంటే ఏ గ్రూపు?

ఎంపీసీ. తర్వాత ఫిజిక్స్ ఎమ్మెస్సీ అయినా, మెకానికల్, ఎలక్ట్రికల్, మెటలర్జీ ఇంజనీరింగ్ అయినా దారి ఉంది. పూతల సమస్య చూశారు కదా, నన్నడిగితే మెటలర్జీ అంటాను. ఈలోపు ఆదివారం పొద్దున ఏడింటికి లైబ్రరీకి పంపండి. ఆ స్టేటరుకి ఇంకా మూడు స్లాట్లు చుట్టాల్సినవి మిగిలాయి.